మా బావ వెతికిన అడుగు చేప

మా బావ పున్నారావు నరసరావుపేటలో ముప్పై ఏళ్ళకు పైగా పురుగుమందుల కొట్టు నడిపాడు. చంపడం ఆయన వృత్తి. అందులో ఆయనకు మంచి పేరుంది. ఈపూరు నుంచి వెల్దుర్తి దాకా ఏ చేలో ఏ తెగులు వచ్చినా రైతు చేసే పని ఒకటే. జబ్బు చేసిన కొమ్మ విరిచి, తడిపిన తువ్వాలులో చుట్టుకుని, బస్సెక్కి వచ్చి మా బావ బల్ల మీద పెట్టేవాడు. మా బావ ఆ ఆకును తిరగేసి, వెలుగుకు ఎత్తి చూసి, గోటితో గీకి, "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కోసమే రైతు అంత దూరం వచ్చేది. ఆ తర్వాత బల్ల మీదికి మూడు డబ్బాలు వచ్చేవి. ఒకటి పురుక్కి, ఒకటి తెగులుకి. మూడోది దేనికని ఎవరూ అడగరు. నేనొకసారి అడిగాను.

"అది రైతు ధైర్యానికిరా," అన్నాడు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఊళ్ళో ఎవరిని కదిలించినా కొట్టు సంగతులే చెబుతారు. నాకు మాత్రం ఆయన పేరు వినగానే చేపల తొట్టె గుర్తొస్తుంది. ఆ తొట్టె ముందు కుర్చీ వేసుకుని, గాజుకు ముక్కు ఆనించి, లోపల ఉన్నదీ లేనిదీ తెలియని చేప కోసం చూస్తున్న మా బావ గుర్తొస్తాడు.

తొట్టె గురించి చెప్పే ముందు మా అక్క పెట్టిన రూలు ఒకటి చెప్పాలి. మా అక్క సీతారావమ్మ కాపురానికి వచ్చిన కొత్తలోనే తేల్చేసింది. కొట్టు వాసన గడప దాటకూడదు. మా బావ సాయంత్రం కొట్టు కట్టేసి వీధి గుమ్మంలోంచి కాదు, పక్క సందులోంచి పెరట్లోకి వచ్చేవాడు. కుళాయి దగ్గర బట్టలు విప్పి బకెట్లో పడేసి, తలమీంచి స్నానం చేసి, అప్పుడు లోపలికి. ఒక్క సీసా, ఒక్క పొట్లం కూడా ఆ పెరట్లోకి రానిచ్చేది కాదు. పెరట్లో మా అక్కకు ఒక మడి ఉంది. వంగ, గోంగూర, నాలుగు పచ్చిమిరప మొక్కలు. గోంగూర ఆకులు జల్లెళ్ళు. వంకాయ కోస్తే సగం పుచ్చు. పల్నాడులో సగం చేలకు మందిచ్చే మనిషి ఇంట్లో పుచ్చు ఏరిన వంకాయ కూర.

"ఇదిగో, మనింటికి చుట్టం వచ్చాడు," అని కంచంలోంచి ఉడికిన పురుగును తీసి చూపించేవాడు మా బావ.

"మీ చేతికి దొరక్కుండా పెరిగిన పురుగు అదొక్కటే. పోనీండి, పాపం," అనేది మా అక్క.

మిరపతోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడిన ఏడు మా బావ మారిపోయాడు. రైతులు ఆకులు కాదు, పూలు తెచ్చారు. పువ్వు దులిపితే అరచేతిలో నల్లగా నలుసులు. మా బావ మూడు డబ్బాలు ఇచ్చాడు. వారం తిరక్కుండా వాళ్ళే మళ్ళీ పూలు తెచ్చారు. ఇంకో మూడు ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు పువ్వు బల్ల మీద పెట్టి ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారట. "తిట్టినా బాగుండేదిరా," అన్నాడు నాతో. "ఒక్క మాట అనలేదు. నాకు 'ఊఁ' అనడానికి నోరు రాలేదు." మరుసటేడు కొట్టును కొడుకు గోపీచంద్ చేతిలో పెట్టి ఇంట్లో కూర్చున్నాడు.

ఇంట్లో కూర్చున్న మనిషికి గుండె ఉన్న సంగతి తెలుస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ వరండాలో గాజు తొట్టె, దాన్నిండా మొక్కలు, మొక్కల మధ్య చేపలు. చిన్న అడవిని నీళ్ళలో ముంచినట్టుంది. మా బావ దాన్ని చూస్తూ నిలబడిపోయి, పేరు పిలిచినా పలకలేదు. బయటికి వచ్చిన కాంపౌండరును అడిగాడు.

"ఇంత పచ్చగా ఉంది, దీనికి ఏం మందు కొడతారయ్యా?"

"మందు కొడితే చేపలు చస్తయ్యి గదండీ," అన్నాడు అతను.

ఇంటికి వచ్చి మా అక్కతో చెప్పాడు, హాల్లో తొట్టె పెడుతున్నానని. నేను ఆ పూట అక్కడే ఉన్నాను.

"చుక్క మందు పడనియ్యను. మొక్కా బతకాల, చేపా బతకాల."

"బతక్కపోతే?" అంది అక్క, వంకాయలు తరుగుతూ.

ఆయన నావైపు తిరిగి, "ఇన్నేళ్ళలో నా చేతి మీదుగా ఏమేం చచ్చినయ్యో లెక్కలేదురా. ఒక్కటన్నా బతకాలిగా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ మా అక్క కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

పల్నాడు రోడ్డులో సుభానీ అనే అతనికి రంగుచేపల కొట్టుంది. తొట్టె, లైటు, మొక్కలు, పైన తిరిగే చిన్నచిన్న చేపలు అక్కడే కొన్నాం. అడుగున పరవడానికి సుభానీ ఒక సంచి చూపించాడు. ఏదో దేశం నుంచి వచ్చిన మట్టి.

మా బావ కొట్టు అదిరేట్టు నవ్వాడు. "నల్లరేగడిలో పుట్టినోడికి మట్టి అమ్ముతావా సుభానీ?"

ఈపూరు దగ్గర ఆయనకు సొంత మిరప చేను ఉంది. సామ్యేలు దాన్ని కౌలుకు చేస్తాడు. సామ్యేలుకు ఫోన్ చేసి ఆ చేలో మట్టి రెండు బస్తాలు తెప్పించాడు. అది ఆషామాషీ చేను కాదు. కంపెనీ వాళ్ళు ఏ కొత్త మందు తెచ్చినా, రైతుకు ఇచ్చే ముందు మా బావ తన చేలో కొట్టించి చూసేవాడు. ఇంకొకరి చేలో ప్రయోగాలు చెయ్యకూడదనేది ఆయన నియమం. అంత నిజాయితీ గల చేను పల్నాడులో ఇంకొకటి ఉండదు.

ఆ మట్టి అడుగున వేసి, పైన పల్చగా ఇసుక పరిచి, మొక్కలు నాటి నీళ్ళు పోశాడు. నెల తిరిగేసరికి మొక్కలు మిరపతోటలా లేచినయ్యి. సుభానీ స్వయంగా వచ్చి చూసి నోరు తెరిచాడు.

"ఏం పెంచావన్నా! కానీ ఇదేంది, ఒక్క నత్త కూడా లేదే. మొక్కల్తో పాటు నత్త గుడ్లు రాకుండా ఉండవు. నా కొట్లో తొట్టెలన్నీ నత్తలే."

మా బావ మీసం సవరించుకున్నాడు. "నేల తయారీ సుభానీ. నేల తయారీలో ఉంది అంతా."

"అంతా బాగుంది గానీ, కింద ఖాళీగా ఉందన్నా. తిండి పడి కుళ్ళిపోద్ది. అడుగు చేప ఉండాల. తొట్టెకి అడుగు చేప లేకపోతే వాకిలి ఊడవని ఇల్లే."

అడుగు చేప అనగానే మా బావ తనకు తెలిసినవి వరసగా చెప్పాడు. బొమ్మిడాయి, జెల్ల, మార్పు చేప. "కానీ వాటిని నేను పులుసులో తప్ప చూళ్ళేదే," అన్నాడు.

"పులుసులోనూ అవి అడుగునే ఉంటయ్యిలే," అంది మా అక్క వంటింట్లోంచి.

అక్కడి నుంచి మొదలైంది అడుగు చేప ఎంపిక. తన కూతురికి సంబంధం చూసేటప్పుడు కూడా మా బావ ఇంతగా ఆరా తియ్యలేదు. ఏం తింటది, ఎంత పెరుగుద్ది, పక్కవాటితో ఎట్టా ఉంటది, మొక్కను పీకుద్దా, ఒంటిగా ఉంటదా, జట్టు కావాలా. మొదట సుభానీ సక్కర్ చేప ఇచ్చాడు. నల్లగా, మొరటుగా, గాజుకు నోరు అంటించుకుని కూర్చునేది. పాచి తింటుందని తెస్తే వెడల్పాటి ఆకులన్నీ గీకి చిల్లులు పెట్టింది. మా బావకు గోంగూర గుర్తొచ్చి ముచ్చట పడ్డాడు. తర్వాత ఒకరోజు అది ఇసుకలో వెల్లకిలా కనిపించింది.

"సక్కర్ మొక్కల తొట్టెకి పడదులే అన్నా. పెరిగితే జానెడు దాటుద్ది, మొక్కల్ని కుమ్మేస్తది," అన్నాడు సుభానీ. ఈ ముక్క అమ్మేముందు చెప్పి ఉండవచ్చు. మా బావ కూడా తన రైతులకు చాలా ముక్కలు అమ్మిన తర్వాతే చెప్పేవాడు కాబట్టి ఏమీ అనలేదు.

రెండోసారి కోరీలు. చిన్నవి, పొట్టివి, మూతికి మీసాలు. గుంపుగా ఉంటేనే బతుకుతాయట, ఒంటిగా పెడితే బెంగపడతాయట. ఇసుకలో మూతులు పెట్టి వరసగా కదిలేవి. మా బావకు అవి ఎంత నచ్చాయంటే కాఫీ చల్లారిపోయేది. "చూడరా, చేలో గుంటక తోలుతున్నట్టు లేదూ!" అనేవాడు. కొన్నాళ్ళకు అవి గుంటక ఆపి పైకి పరుగెత్తి గాలి మింగడం మొదలుపెట్టాయి. మీసాలు రాలిపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. పైన తిరిగే చేపలు మాత్రం కొంచెం నీరసంగానైనా తిరుగుతూనే ఉన్నాయి. మొక్కలు ఇంకా పచ్చబడ్డాయి.

ఆఖరిది పోయిన రోజు నేను మా ఊరు సత్తెనపల్లి నుంచి వచ్చేసరికి మా బావ గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. చేతిలో తువ్వాలు మడత. "పద, సుభానీ కొట్టుకి," అన్నాడు.

సుభానీ బల్ల మీద మా బావ తువ్వాలు విప్పాడు. తడి తువ్వాలు. అందులో చనిపోయిన కోరీ. సుభానీ దాన్ని తిరగేశాడు. లైటుకు ఎత్తి చూశాడు. మూతి దగ్గర గోటితో గీకాడు.

"ఊఁ," అన్నాడు.

నాకు నవ్వాగలేదు. మా బావ నవ్వలేదు. సుభానీ బల్ల మీద సీసాలు పెట్టాడు. "ఇది నీళ్ళకి అన్నా, ఇది బూజుకి. ఇదేమో..."

"మూడోది దేనికో నాకు తెలుసులే," అన్నాడు మా బావ. "మందొద్దు. చేప మార్చు."

"ఇసుక గరుగ్గా ఉన్నట్టుంది అన్నా. మీసాలు అరిగిపోయింది అందుకే."

కృష్ణ ఒడ్డు నుంచి మెత్తటి ఇసుక తెప్పించి మార్చాం. మళ్ళీ కోరీలు. మళ్ళీ తువ్వాలు. ఈసారి సుభానీ "ఊఁ" కూడా అనలేదు. తల గోక్కున్నాడు. మిరప పువ్వును చూసి మా బావ నోరు పడిపోయిన రోజు ఎలా ఉండిందో నేను ఆ పూట సుభానీ మొహంలో చూశాను.

"ఇంకొక్కటుంది అన్నా. కూలీ లోచ్ అంటారు. సన్నగా పాములాగుంటది. మట్టిలో దూరి బతుకుద్ది, గట్టి ప్రాణం. విజయవాడ నుంచి తెప్పిస్తా. ఈలోపు వానపాములు, అదే ఎర్రలు, దొరికితే పట్టి ఉంచు. సన్నగా తరిగి వేస్తే అడుగు చేపకి అంతకు మించిన బలం లేదు."

ఇంటికి వచ్చి మా బావ సామ్యేలుకు ఫోన్ చేశాడు. ఫోన్ చెవికి దూరంగా పెట్టి గట్టిగా మాట్లాడడం ఆయన అలవాటు, అవతలివాళ్ళ మాట అందరికీ వినపడేది.

"ఒరేయ్ సామ్యేలూ, మన చేలో నాలుగు ఎర్రలు తవ్వి పంపరా."

అవతల సామ్యేలు పగలబడి నవ్వాడు. "మన చేలోనా! ఏంది బాబాయ్, పరాచికాలా? మన చేలో ఎర్ర కనపడి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. నువ్వు తెచ్చిన మందులన్నీ ముందు ఈ చేనుకే గదా తాగిచ్చింది. ఎర్రలు కావాలంటే కాలవ గట్టున తవ్వి పంపుతా. ఎన్ని కావాల?"

"వద్దులే," అన్నాడు మా బావ.

ఫోన్ పెట్టేసి తొట్టె ముందు కూర్చున్నాడు. లోపల మొక్కలు లైటు కింద తళతళలాడుతున్నాయి. వాటి కింద, ఇసుక పొర కింద, నల్లగా ఆయన చేను. మా అక్క వచ్చి భోజనానికి పిలిచింది. కదల్లేదు.

"నత్త కూడా రాలేదురా," అన్నాడు చివరికి. "నేను మురిసిపోయా."

మర్నాడు తొట్టె ఖాళీ చేశాం. పైచేపలు బకెట్లోకి మారినయ్యి. మొక్కలు పారేశాం. మట్టిని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. పెరట్లో పోస్తానంటే మా అక్క ఒప్పుకోలేదు, వీధిలో పోస్తానంటే మా బావ ఒప్పుకోలేదు. చివరికి అది వచ్చిన బస్తాల్లోనే ఎత్తి, వచ్చిన చేనుకే పంపించాడు.

ఇక ఎర్రలున్న మట్టి కావాలి. మా బావ బుర్రలో పల్నాడంతా ఉంది, కానీ ఆయనకు ఊరి పేరు చెబితే ముందు డబ్బా గుర్తొస్తుంది. నేను గురజాల వైపు అన్నాను. అది పత్తి, అక్కడ మనం ఇవ్వని మందు లేదన్నాడు. మాచర్ల అన్నాను. తల అడ్డంగా ఊపాడు. వెల్దుర్తి మెట్ట చేలు అన్నాను.

"వాళ్ళు నేను చెప్పిందానికి ఒక చుక్క ఎక్కువే వేస్తారు. చానా నమ్మకస్తులు," అన్నాడు.

"సత్తెనపల్లి?"

"అటేపు సగం మంది మన కొట్టుకొచ్చేవాళ్ళేరా."

జీవితమంతా కష్టపడి సంపాదించుకున్న ఖాతాదారులు ఇలా అడ్డొచ్చారు. అప్పుడు పెరట్లో మా అక్క గోంగూర కోస్తూ ఎవరినో కేకలేస్తోంది. కోడి వచ్చి మడి గోకుతోంది. గోకిన చోట ఏదో లాగి మింగింది. మా బావ కుర్చీలోంచి లేచాడు.

"ఏమే," అన్నాడు మడి గట్టున నిలబడి.

"ఏంది?"

"రెండు తట్టల మట్టి కావాలే."

"దేనికి?"

"తొట్టెకి."

మా అక్క నడుము నిఠారుగా చేసుకుని ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "ఈ మడిలో అన్నీ పుచ్చులేనని, నా పరువు తీస్తన్నావని మీరు అనని రోజు లేదు. ఇప్పుడు నా మట్టి కావాల్సొచ్చిందా?"

"ఒసేయ్, అడుగుతున్నాగదే."

"ఆ చేత్తో ముట్టుకోనియ్యను. కడుక్కుని రండి."

"కొట్టు మానేసి ఎన్నాళ్ళయింది! ఇంకా ఏం వాసన?"

"కడుక్కుని రండి."

మా బావ కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. అప్పుడు కూడా గునపం ఇవ్వలేదు. మా అక్కే తవ్వింది. మొదటి దెబ్బకే గడ్డ విరిగి ఎర్రలు మెలికలు తిరిగాయి. మా బావ వంగి ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. తిరగేశాడు. వెలుగుకు ఎత్తి చూశాడు.

"ఊఁ," అన్నాడు.

"ఏ మందు రాస్తారు దానికి?" అంది మా అక్క.

"ఏమీ వద్దు," అన్నాడు. దాన్ని జాగ్రత్తగా మళ్ళీ మడిలో వదిలాడు.

కొత్త మట్టి, కొత్త ఇసుక, కొత్త మొక్కలు. విజయవాడ నుంచి లోచ్‌లు వచ్చాయి. సన్నగా, పసుపు మీద గోధుమరంగు పట్టీలతో, పిల్లల జడకు కట్టే రిబ్బన్ ముక్కల్లా ఉన్నాయి. సంచి విప్పి వదలగానే కిందికి దిగి, మొక్కల మొదళ్ళలో దూరి మాయమయ్యాయి. ఆ తర్వాత వాటిని ఎవరూ చూడలేదు. మా బావ కూడా చూడలేదు.

చుట్టాలు వచ్చేవాళ్ళు. "పైన తిరిగేవి సరే, ఖరీదైనవి తెచ్చారంట, అవేవి?" అనేవాళ్ళు.

"అడుగున ఉన్నయ్యి," అనేవాడు మా బావ.

"కనపడవేం?"

"కనపడవు. వాటి గుణం అంతే."

గోపీచంద్ నవ్వేవాడు. "సుభానీ నీకు ఉత్త నీళ్ళ సంచి అమ్మాడేమో చూసుకో నాన్నా."

"పగలంతా పడుకునే కూలీలంట. ఈ రోజుల్లో అందరూ అంతే," అనేది మా అక్క.

ఎన్ని మాటలన్నా ఆయన కుర్చీ కదిలేది కాదు. నేను వెళ్ళినప్పుడల్లా గాజు దగ్గరే. వేసిన తిండి పోతోందని ఒకరోజు ఉత్సాహం. అది పైచేపలు కూడా తిని ఉండొచ్చని మర్నాడు దిగులు. తవ్వి చూద్దామా అంటే, మొలిచిందో లేదోనని గింజను తవ్వి చూసేవాడు రైతేనా అని నన్నే కసిరాడు. కానీ గొంతులో బెదురు ఉంది. తవ్వితే ఏం కనపడుతుందోనని.

ఒక పొద్దున నాకు ఫోన్ వచ్చింది. "ఒరేయ్, తొందరగా రా." అంతే, పెట్టేశాడు. నేను గుండె అనుకున్నాను. దొరికిన బస్సెక్కి వెళ్ళాను. వీధి గుమ్మంలోనే ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని తొట్టె దగ్గరికి లాక్కెళ్ళాడు.

"చూడు. అక్కడ కాదు, ఆ మూల. గాజు మీద."

ఆవగింజంత నత్త. కొమ్ములు చాచుకుని, గాజు మీద నిదానంగా పాకుతోంది.

"నత్త వచ్చిందిరా! సుభానీకి కూడా ఫోన్ చేసి చెప్పా. నత్త బతికిందంటే నేల బతికినట్టేగా. నేల బతికితే కిందవి కూడా..." ఆపేశాడు. పూర్తిచేస్తే దిష్టి తగులుతుందేమో అన్నట్టు.

"మందు కొడదామా బావా?" అన్నాను.

"నోరు ముయ్యరా," అన్నాడు. అంత ఆనందంగా నన్ను ఎప్పుడూ తిట్టలేదు. పురుగు కనబడితే డబ్బా తీసే మనిషి, ఒక నత్త పుట్టిందని ఆ పూట మా అక్క చేత పాయసం కాయించాడు.

ఆ తర్వాత నిజంగానే గుండె మొరాయించింది. గుంటూరు తీసుకెళ్ళాం. మంచం పక్కన బల్ల మీద మాత్రలు పెట్టారు. అలవాటు ప్రకారం వాటిని వేళ్ళతో తిప్పి చూశాడు. "ఒకటి గుండెకి. ఒకటి బీపీకి. మూడోది నా ధైర్యానికి అయ్యుంటదిరా," అన్నాడు. మా అక్క ఇంటికి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ ఒకే ప్రశ్న.

"కనపడ్డయ్యా?"

మా అక్కకు అబద్ధం రాదు. ఆ ఒక్కసారి వచ్చి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. "లేదండీ," అంది.

"కనపడవులే. వాటి గుణం అంతే," అన్నాడు. మళ్ళీ ఆయన ఇంటికి రాలేదు.

పెద్దకర్మ అయ్యాక గోపీచంద్ తొట్టెను కొట్టుకు తీసుకుపోతానన్నాడు. నాన్న గుర్తుగా బల్ల పక్కన పెడితే వచ్చే రైతులు చూస్తారని. మా అక్క వచ్చి గోడవారన కూర్చుంది. మేమిద్దరం మగ్గులతో నీళ్ళు తోడాం. పైచేపల్ని బకెట్లోకి తీశాం. నీళ్ళు అడుగంటాయి. గోపీచంద్ ఒక మొక్కను మొదలు పట్టుకుని లాగాడు. వేళ్ళతో పాటు మట్టిగడ్డ లేచింది. ఆ గుంటలో ఏదో కదిలింది.

పట్టీల చేప. వేలి లావు ఉంది. బురదలో మెలిక తిరిగి పక్క మొక్క కిందికి పోయింది. అక్కడి నుంచి ఇంకొకటి బయటికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఇన్నాళ్ళూ ఆయన కుర్చీకి మూరెడు దూరంలో, గాజుకు ఇవతల మనుషులు పడుతున్న బాధలేమీ పట్టనట్టు, తిని బలిసి ఉన్నాయి.

గోపీచంద్ మగ్గు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. నేను అక్క వైపు చూడలేకపోయాను.

"నీళ్ళు పొయ్యిరా," అంది మా అక్క.

"అమ్మా, కొట్టుకి..."

"కొట్టు వాసన వాటికి పడదు. నీళ్ళు పొయ్యి."

తొట్టె ఇప్పటికీ ఆ హాల్లోనే ఉంది. చేపలు మళ్ళీ కనపడటం మానేశాయి. నత్తలు మాత్రం బాగా కనపడుతున్నాయి. గాజు నిండా అవే, ఆకుల నిండా అవే. మొన్న నేను వెళ్ళిన రోజునే గోపీచంద్ భోజనానికి వచ్చి, చేతులు కడుక్కోకుండా తొట్టె ముందు నిలబడ్డాడు. జేబులోంచి చిన్న సీసా తీశాడు.

"చేపకి ఏం కాదమ్మా. నత్తలు మాత్రమే పోతయ్యి. ఒక్క చుక్క చాలు."

మా అక్క వంటింట్లోంచి వచ్చింది. గాజు మీద పాకుతున్న నత్తల్ని కాసేపు చూసింది.

"మీ నాన్న కళ్ళారా చూసుకున్నది వాటినేరా," అంది. "ముందు ఆ సీసా గడప అవతల పెట్టి, స్నానం చేసి రా. అన్నం పెడతా."